అవిసె గింజలు: ఏ మేలు ఏ భాగానిది?

అవిసె గింజల గురించి వినిపించే మాటలన్నీ ఒకచోట పోగేస్తే చాంతాడంత జాబితా అవుతుంది. గుండెను కాపాడతాయి, బీపీ తగ్గిస్తాయి, షుగర్‌ను అదుపులో పెడతాయి, బరువు దించుతాయి, క్యాన్సర్‌ను ఆపుతాయి, జుట్టు పెంచుతాయి, చేపలు తినని వాళ్లకు చేప నూనె లోటు తీరుస్తాయి. ఒక్క గింజ ఇన్ని పనులు చేస్తుందంటే ఎవరికైనా అనుమానం రావాలి. చిత్రమేమిటంటే, వీటిలో చాలా మాటల వెనక ఏదో ఒక పరిశోధన ఉంది. చిక్కల్లా ఆ పరిశోధనలన్నీ ఒకే వస్తువు మీద జరగకపోవడమే. ఒకరు పొడి ఇచ్చి చూశారు, ఒకరు నూనె ఇచ్చారు, ఇంకొకరు గింజలోంచి వేరు చేసిన ఒకే ఒక పదార్థాన్ని ఇచ్చారు. ఫలితాలు మాత్రం అన్నీ "అవిసె గింజలు" అనే ఒకే పేరు కింద చేరిపోయాయి.

కాబట్టి ఎవరైనా అవిసె గురించి గొప్పగా చెప్పినప్పుడు ముందు అడగాల్సింది, గింజలో ఏ భాగం గురించి చెబుతున్నారు అని. ఆ తర్వాత, ఎంత తింటే, ఎన్నాళ్లు తింటే, ఎంత మార్పు వచ్చింది అని. ఈ ప్రశ్నలు వేస్తే సగం గందరగోళం వదిలిపోతుంది.

గింజ లోపల ఏముంది

వంద గ్రాముల అవిసె గింజల్లో సుమారు 42 గ్రాముల కొవ్వు, 27 గ్రాముల పీచు, 18 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. పిండి పదార్థాల కింద లెక్కకొచ్చే 29 గ్రాముల్లో 27 పీచే కాబట్టి, రక్తంలోకి చక్కెరగా చేరేది దాదాపు లేనట్టే. మెగ్నీషియం 390 మిల్లీగ్రాముల దాకా, బి1 విటమిన్ 1.6 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి. కేలరీలు మాత్రం తక్కువేం కాదు, 530 పైమాటే. ఈ లెక్కలు వేరే పదార్థాలతో పోల్చుకోవడానికి పనికొస్తాయి గానీ, ఒక రోజులో వంద గ్రాముల అవిసె ఎవరూ తినరు, తినకూడదు కూడా. ఒక పెద్ద చెంచా పొడి 7 గ్రాములు తూగుతుంది. దాంతో వచ్చేవి 37 కేలరీలు, రెండు గ్రాములకు కాస్త తక్కువ పీచు, గ్రాము పైచిలుకు ప్రొటీన్. "ప్రొటీన్ కోసం అవిసె తినండి" అనే సలహాను ఇక్కడే పక్కన పెట్టేయొచ్చు.

అసలు సరుకు మూడు చోట్ల ఉంది. లోపలి పప్పులో నూనె ఉంటుంది, అందులో సగానికి పైగా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం అనే ఒమేగా-3 కొవ్వు. దాన్ని ముద్దుగా ఏఎల్‌ఏ అంటారు. పైపొట్టులో పీచు ఉంటుంది, అందులో ఒక భాగం నీళ్లు తగలగానే జిగురుగా మారిపోతుంది. ఆ పొట్టులోనే లిగ్నాన్లు అనే మొక్కల రసాయనాలు ఉంటాయి. మనం తినే పదార్థాల్లో వేటిలోనూ లేనంతగా లిగ్నాన్లు ఈ గింజలో పోగై ఉన్నాయి. ఈ మూడూ చేసే పనులు వేరు, వాటికి ఉన్న ఆధారాల బలం వేరు. గింజను పిండి నూనె తీస్తే మొదటిది మాత్రమే సీసాలోకి వస్తుంది. పీచు, లిగ్నాన్లు పిప్పిలో ఉండిపోతాయి. నూనె క్యాప్సూల్ డబ్బా మీద అవిసె గింజల లాభాలన్నీ అచ్చు వేసి ఉంటే, అందులో కనీసం సగం ఆ డబ్బాలో లేని సరుకు గురించి చెప్పినవే.

ఒమేగా-3 అన్నంత మాత్రాన చేప నూనె కాదు

ఏఎల్‌ఏ మన శరీరం సొంతంగా తయారు చేసుకోలేని కొవ్వు, తిండి ద్వారానే రావాలి. అమెరికాలోని నేషనల్ అకాడెమీస్ అనే శాస్త్ర సలహా సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లలో మగవాళ్లకు రోజుకు 1.6 గ్రాములు, ఆడవాళ్లకు 1.1 గ్రాములు సరిపోతాయి. ఒక పెద్ద చెంచా అవిసె పొడిలో ఉండేది సరిగ్గా 1.6 గ్రాములు. అంటే ఒక్క చెంచాతో ఆ రోజు కోటా పూర్తయినట్టే. అవిసె గురించి ఏ సందేహమూ లేకుండా చెప్పగలిగిన మంచి మాట ఇది.

సందేహాలు ఆ తర్వాతే మొదలవుతాయి. గుండె, మెదడు, కళ్ల గురించి ఒమేగా-3 పేరుతో చెప్పే విషయాల్లో ఎక్కువ భాగం ఏఎల్‌ఏ గురించి కాదు, చేపల్లోనూ సముద్రపు నాచులోనూ దొరికే ఈపీఏ, డీహెచ్‌ఏ అనే రెండు పొడవాటి కొవ్వుల గురించి. మన శరీరం ఏఎల్‌ఏను ఈ రెండుగా మార్చుకోగలదు గానీ, చాలా పిసినారితనంగా మారుస్తుంది. ఈపీఏగా మారేది సాధారణంగా నూటికి ఐదు నుంచి ఎనిమిది వంతులు. డీహెచ్‌ఏ దాకా చేరేది చాలామందిలో ఒక్క వంతు కూడా ఉండదు. పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్లలో ఈస్ట్రోజన్ ప్రభావం వల్ల ఈ మార్పిడి కాస్త మెరుగ్గా సాగుతుంది. మిగతా ఏఎల్‌ఏలో చాలా భాగం మామూలు కొవ్వులాగే శక్తి కోసం ఖర్చయిపోతుంది.

ఈ పిసినారితనానికి కారణం ఒక ఎంజైమ్. ఏఎల్‌ఏను పొడవు చేసే పనిలో మొదటి మెట్టు దగ్గర డెల్టా-6 డెసాచురేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. పొద్దుతిరుగుడు, మొక్కజొన్న, సోయా నూనెల్లో మెండుగా ఉండే లినోలెయిక్ ఆమ్లం అనే ఒమేగా-6 కొవ్వు కూడా ఇదే ఎంజైమ్ కోసం పోటీ పడుతుంది. తిండిలో ఒమేగా-6 ఎక్కువైతే ఏఎల్‌ఏకు దక్కే వాటా ఇంకా తగ్గుతుంది. కాబట్టి రెండు చెంచాల అవిసె పొడి తినడం ఒక ఎత్తయితే, వంట నూనె ఏది, ఎంత వాడుతున్నామన్నది ఇంకో ఎత్తు.

మరి ఏఎల్‌ఏ నేరుగా గుండెపోటును ఆపుతుందా? ఈ ప్రశ్నకు పెద్ద ఎత్తున జవాబు వెతికింది నెదర్లాండ్స్‌లో జరిగిన ఆల్ఫా ఒమేగా ట్రయల్. అప్పటికే ఒకసారి గుండెపోటు వచ్చిన 4,837 మందికి దాదాపు 40 నెలల పాటు రకరకాల మార్గరీన్లు (నూనెలతో చేసే వెన్నలాంటి పదార్థం) ఇచ్చారు. కొందరికి ఇచ్చిన దాంట్లో రోజుకు రెండు గ్రాముల ఏఎల్‌ఏ కలిపారు. 2010లో వచ్చిన ఫలితం ప్రకారం, పెద్ద గుండె జబ్బు ఘటనలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. ఆడవాళ్లలో కొంత తగ్గుదల కనిపించింది గానీ, అది యాదృచ్ఛికం కాదని గట్టిగా చెప్పడానికి చాలలేదు. ఈ ప్రయోగంలోనే ఈపీఏ, డీహెచ్‌ఏ ఇచ్చిన వాళ్లలో కూడా పెద్ద తేడా రాలేదన్నది గుర్తుంచుకోవాలి. వాళ్లంతా అప్పటికే మంచి మందుల మీద ఉన్నవాళ్లు, కొత్తగా వచ్చే లాభానికి మిగిలిన చోటు తక్కువ.

నా లెక్కలో దీని అర్థం సూటిగానే ఉంది. ఏఎల్‌ఏ అవసరమైన పోషకం, అవిసె దానికి చక్కటి వనరు. చేపలు తినని వాళ్లకు డీహెచ్‌ఏ కావాలంటే మాత్రం అవిసె మోతాదు పెంచుకుంటూ పోవడం వల్ల లాభం లేదు. నాచు నుంచి తీసిన డీహెచ్‌ఏ నూనె వైపు చూడాలి. చేపలకు కూడా ఆ డీహెచ్‌ఏ వచ్చేది నాచు నుంచే.

జిగురు చేసే పని

అవిసె గింజల్ని నీళ్లలో వేసి పెడితే కాసేపటికి చుట్టూ చిక్కటి జిగురు పట్టేస్తుంది. ఆ జిగురును జుట్టుకు రాసుకునే వాళ్లూ ఉన్నారు. ఎండాక వెంట్రుకల మీద పొరలా పట్టి అది వాటిని ఒక తీరుగా నిలుపుతుంది, అంతే. జుట్టు పెరగడానికీ దానికీ సంబంధం లేదు. ఆ జిగురు అసలు ప్రతాపం పేగుల్లో కనిపిస్తుంది.

అక్కడ అది మలాన్ని మెత్తబరుస్తుంది. కరగని పీచు దాని పరిమాణం పెంచుతుంది. ఈ రెండూ కలిసి పనిచేయడం వల్ల మలబద్ధకానికి అవిసె పాతకాలం నుంచీ పేరున్న మందు, ఇప్పటి పరిశోధనలు కూడా దీన్ని సమర్థించాయి. టైప్-2 మధుమేహంతో పాటు మలబద్ధకం ఉన్నవాళ్లకు రోజుకు రెండుసార్లు, పూటకు 10 గ్రాముల అవిసెను బిస్కెట్లలో కలిపి 12 వారాలు ఇచ్చిన ప్రయోగంలో విరేచనం సాఫీ అయింది, చక్కెర, కొలెస్ట్రాల్ లెక్కలు కూడా కొంత మెరుగయ్యాయి. అవిసె తిన్న కొద్ది రోజుల్లో మనిషికి తనంతట తానుగా తెలిసే మార్పు ఏదైనా ఉందంటే ఇదొక్కటే. మిగతావన్నీ ల్యాబ్ రిపోర్టులో చూసుకోవాల్సినవే.

కొలెస్ట్రాల్ తగ్గేది కూడా ప్రధానంగా ఈ జిగురు దారిలోనే. కొవ్వును అరిగించడానికి కాలేయం కొలెస్ట్రాల్‌తో పైత్య లవణాలు తయారు చేసి పేగుల్లోకి పంపుతుంది. పని అయ్యాక వాటిలో చాలా భాగాన్ని శరీరం తిరిగి పీల్చుకుని మళ్లీ వాడుకుంటుంది. జిగురు పీచు వాటిలో కొన్నింటిని పట్టుకుని బయటికి పంపేస్తుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను, అంటే చెడ్డ కొలెస్ట్రాల్‌ను, లాక్కోవాల్సి వస్తుంది. ఓట్స్ చేసే పని కూడా ఇలాంటిదే.

ఇది ఎంత? 2009లో 28 ప్రయోగాలను కలిపి చేసిన ఒక విశ్లేషణ ఈ విషయంలో బాగా ఉపయోగపడుతుంది, ఎందుకంటే అందులో గింజనూ నూనెనూ విడదీసి చూశారు. గింజ మొత్తాన్ని తిన్నవాళ్లలో మొత్తం కొలెస్ట్రాల్ డెసిలీటరుకు సుమారు 8 మిల్లీగ్రాములు, ఎల్‌డీఎల్ సుమారు 6 మిల్లీగ్రాములు తగ్గాయి. నూనె తాగినవాళ్లలో తగ్గలేదు. ఆడవాళ్లలో, అందులోనూ ముట్లు ఆగిపోయిన వాళ్లలో, మొదటి నుంచే కొలెస్ట్రాల్ ఎక్కువ ఉన్నవాళ్లలో ఫలితం మెరుగ్గా ఉంది. రక్తంలోని ఇంకో రకం కొవ్వయిన ట్రైగ్లిజరైడ్లు, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ దాదాపు కదల్లేదు.

ఎల్‌డీఎల్ 160 ఉన్న మనిషికి 6 తగ్గితే 154. కొలెస్ట్రాల్ తగ్గించడానికి డాక్టర్ రాసిన స్టాటిన్ మాత్ర ఆ 160లో మూడో వంతో, అంతకన్నా ఎక్కువో తగ్గిస్తుంది. అవిసె తింటున్నాం కదా అని ఆ మాత్ర మానేయడం ఎంత పొరపాటో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. అలాగని 6 అంటే విలువ లేనిదీ కాదు. పీచు ఎక్కువగా ఉన్న తిండి, నడక, తగ్గిన బరువు, ఇలాంటి చిన్న చిన్న తగ్గుదలలు కలిస్తేనే పెద్దది అవుతుంది. కెనడా ఆరోగ్య శాఖ 2014లో ఒక పద్ధతి ప్రకారం ఆధారాలు పరిశీలించి, పొడి చేసిన అవిసె కొలెస్ట్రాల్ తగ్గించడానికి తోడ్పడుతుందని ఆహార ప్యాకెట్ల మీద రాసుకోవడానికి అనుమతించింది. అయితే దానికి లెక్కలోకి తీసుకున్న మోతాదు రోజుకు 40 గ్రాములు. అంటే ఐదారు పెద్ద చెంచాలు. పెరుగు మీద చిటికెడు చల్లుకుని కొలెస్ట్రాల్ తగ్గాలని ఎదురుచూసేవాళ్లు ఈ అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగాలి.

షుగర్ విషయంలో కథ దాదాపు ఇంతే. జిగురు వల్ల తిండి మెల్లగా అరుగుతుంది, చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. పొడి తిన్న ప్రయోగాల్లో పరగడుపు షుగర్ కాస్త తగ్గింది, నూనెతో తగ్గలేదు. బరువు తగ్గడం గురించి 2017లో 45 ప్రయోగాలను కలిపి చూస్తే సగటున తేలింది ఒక కిలో. అది కూడా రోజుకు 30 గ్రాములకు తక్కువ కాకుండా, 12 వారాలు దాటి తిన్నవాళ్లలో ఎక్కువ కనిపించింది. "నెలలో పది కిలోలు" అని వీడియో చేసేవాళ్లకు ఈ కిలో సంగతి చెప్పి ప్రయోజనం లేదనుకోండి.

బీపీ: ఒక గొప్ప ఫలితం, కొన్ని మామూలు ఫలితాలు

అవిసె పేరు మారుమోగడానికి కారణమైన ప్రయోగం కెనడాలోని విన్నిపెగ్ నగరంలో జరిగింది. కాళ్ల రక్తనాళాలు మూసుకుపోయే జబ్బు ఉన్న 110 మందిని తీసుకుని, కొందరికి రోజుకు 30 గ్రాముల అవిసె పొడి కలిపిన తినుబండారాలు, మిగిలిన వాళ్లకు చూడటానికి అలాగే ఉండే వేరే తినుబండారాలు ఇచ్చారు. ఎవరు ఏది తింటున్నారో వాళ్లకూ తెలియదు, కొలిచేవాళ్లకూ తెలియదు. ఆరు నెలల తర్వాత చూస్తే అవిసె తిన్నవాళ్లలో పై బీపీ సుమారు 10, కింది బీపీ సుమారు 7 పాయింట్లు తక్కువగా ఉంది. మొదట్లోనే పై బీపీ 140 దాటి ఉన్నవాళ్లలో తగ్గుదల 15 దాకా వెళ్లింది. 2013లో ఇది అచ్చయినప్పుడు, తిండితో వచ్చిన అతి పెద్ద బీపీ తగ్గుదలల్లో ఇదొకటని చెప్పుకున్నారు. మాత్రలతో పోటీ పడే అంకె మరి.

అయితే ఆ తర్వాత అన్ని ప్రయోగాలనూ కలిపి చేసిన విశ్లేషణల్లో సగటు తగ్గుదల రెండు, మూడు పాయింట్ల దగ్గర ఆగింది. 2015 నాటి విశ్లేషణలో పై బీపీ 1.8, కింది బీపీ 1.6. 2016 నాటి దాంట్లో 2.9, 2.4. ఇందులో ఏది నమ్మాలి? రెండూ నమ్మొచ్చు, ఏది ఎవరికి వర్తిస్తుందో చూసుకుంటే చాలు. విన్నిపెగ్‌లో తిన్నవాళ్లు రక్తనాళాలు బాగా దెబ్బతిన్నవాళ్లు, చాలామందికి బీపీ ఉంది, ఆరు నెలలు వదలకుండా 30 గ్రాములు తిన్నారు. మిగతా ప్రయోగాల్లో చాలామందికి బీపీ మామూలుగానే ఉంది, వ్యవధి తక్కువ, కొన్నింట్లో నూనె మాత్రమే ఇచ్చారు. ఎక్కువ ఉన్నచోటే ఎక్కువ తగ్గుతుంది. 12 వారాలు దాటితే, గింజ మొత్తంగా తింటే ఫలితం మెరుగని ఆ విశ్లేషణలే చెప్పాయి. ఆ స్థాయి తగ్గుదల మళ్లీ మళ్లీ పెద్ద ప్రయోగాల్లో కనిపించేదాకా 10 పాయింట్లు అందరికీ వస్తాయని అనుకోవడం తొందరపాటే అవుతుంది.

లిగ్నాన్లు: అందరికీ ఒకేలా పనిచేయవు

లిగ్నాన్లు గింజలో ఉన్న రూపంలో మనకు పెద్దగా ఉపయోగపడవు. పెద్దపేగులోని బ్యాక్టీరియా వాటిని ఎంటెరోడయోల్, ఎంటెరోలాక్టోన్ అనే పదార్థాలుగా మార్చాలి. ఇవి చూడటానికి ఈస్ట్రోజన్ హార్మోన్‌ను కొంచెం పోలి ఉంటాయి, ఈస్ట్రోజన్ కూర్చునే చోటే కూర్చోగలవు, కానీ బలం చాలా తక్కువ. ఎవరి పేగుల్లో ఏ బ్యాక్టీరియా ఉందో దాన్ని బట్టి ఈ మార్పిడి ఉంటుంది. అందుకే ఒకే చెంచా పొడి తిన్న ఇద్దరి రక్తంలో ఎంటెరోలాక్టోన్ ఎన్నో రెట్లు తేడాగా ఉండొచ్చు. యాంటీబయాటిక్స్ వాడిన తర్వాత నెలల తరబడి ఈ స్థాయి తక్కువగా ఉండటాన్ని ఫిన్లాండ్ పరిశోధకులు గమనించారు.

హార్మోన్‌ను పోలిన పదార్థం అనగానే రెండు రకాల ఊహలు బయల్దేరాయి. ఒకటి ఆశ: మెనోపాజ్ సమయంలో వచ్చే వేడి ఆవిర్లకు ఇది మందు కావచ్చునని. రెండోది భయం: రొమ్ము క్యాన్సర్‌ను పెంచుతుందేమోనని. రెండింటి గతీ తెలుసుకోదగ్గదే.

ఆశ సంగతి ముందు. అమెరికాలో 2007లో కొద్దిమంది ఆడవాళ్లకు రోజుకు 40 గ్రాముల అవిసె పొడి ఇస్తే వేడి ఆవిర్లు సగానికి తగ్గాయి. పోల్చి చూడటానికి ఇంకో గుంపు లేని చిన్న ప్రయోగం అది. తర్వాత వాళ్లే పద్ధతిగా 188 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు లిగ్నాన్లున్న అవిసె బార్, ఇంకో గుంపుకు అవిసె లేని బార్ ఆరు వారాలు ఇచ్చారు. రెండు గుంపుల్లోనూ మూడో వంతు మందికి పైగా ఆవిర్లు సగానికి తగ్గాయి. అంటే తగ్గిన మాట నిజమే, తగ్గించింది అవిసె కాదు. ఏదో మంచి మందు తీసుకుంటున్నామన్న నమ్మకం, కాలం గడిచేకొద్దీ సహజంగా వచ్చే మార్పు, ఇవే ఆ పని చేశాయి. మొదటి ప్రయోగం మాత్రమే చదివి వ్యాసాలు రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

భయం మాత్రం ఇప్పటిదాకా నిజం కాలేదు. సూచనలు నిజానికి ఎదురు దిశలో ఉన్నాయి. కెనడాలోని టొరంటోలో, కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడిన ఆడవాళ్లకు ఆపరేషన్‌కు ముందు రోజుకు 25 గ్రాముల అవిసె కలిపిన మఫిన్లు ఇచ్చి, తర్వాత తీసిన కణితిని పరీక్షిస్తే, కణాలు పెరిగే వేగం సుమారు మూడో వంతు తగ్గింది. 2005 నాటి ఈ ప్రయోగంలో ఉన్నది 32 మంది. ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న 161 మంది మగవాళ్లతో 2008లో ఇలాంటిదే చేస్తే అక్కడా పెరుగుదల వేగం తగ్గింది. ఇవి ఆసక్తికరమైన ఫలితాలు, అంతవరకే. సూక్ష్మదర్శిని కింద కణాల వేగం తగ్గడానికీ, రోగి ఎక్కువ కాలం బతకడానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరం ఇంకా ఎవరూ దాటలేదు. హార్మోన్‌తో ముడిపడిన క్యాన్సర్‌కు చికిత్స తీసుకుంటున్నవాళ్లు అవిసె తినాలనుకుంటే తమ క్యాన్సర్ డాక్టర్‌తో మాట్లాడి తినాలి. వంటల్లో కాస్త పొడి పడటానికీ, లిగ్నాన్ మాత్రలు వేసుకోవడానికీ తేడా ఉంది.

సయనైడ్ మాట నిజమేనా

నిజమే. అవిసెలో లినుస్టాటిన్, నియోలినుస్టాటిన్ అనే పదార్థాలు ఉంటాయి. గింజ నలిగి తడి తగిలినప్పుడు అందులోని ఎంజైమ్ వల్ల వీటి నుంచి హైడ్రోజన్ సయనైడ్ విడుదలవుతుంది. చేదు బాదం, కర్రపెండలంలో ఉండేవి కూడా ఈ కోవకు చెందినవే. గింజను నమిలే పురుగుల నుంచి మొక్క చేసుకున్న ఏర్పాటు ఇది.

ఒక చెంచా పొడి నుంచి వచ్చేది కొన్ని మిల్లీగ్రాములే. అది కూడా నెమ్మదిగా విడుదలవుతుంది. మన కాలేయంలో రోడనేజ్ అనే ఎంజైమ్ సయనైడ్‌కు గంధకాన్ని జోడించి థయోసయనేట్‌గా మార్చి మూత్రంలో పంపేస్తుంది. రోజుకు 30 గ్రాముల చొప్పున ఆరు నెలలు, ఏడాది తిన్న ప్రయోగాల్లో సయనైడ్ విషం లక్షణాలు ఎవరిలోనూ బయటపడలేదు. అయినా దేశదేశానికీ జాగ్రత్త మారుతుంది. కెనడా పొడిని ప్రోత్సహిస్తుంటే, స్వీడన్ ఆహార సంస్థ నలగ్గొట్టిన అవిసెను అసలు తినొద్దని, నలగని గింజలైతే రోజుకు ఒకటి రెండు పెద్ద చెంచాలు దాటొద్దని సలహా ఇస్తుంది. ఇద్దరూ చూస్తున్నది ఒకే శాస్త్రాన్ని. ఒకరు లాభం వైపు నుంచి, ఇంకొకరు రిస్క్ వైపు నుంచి లెక్క వేస్తున్నారు.

నా మొగ్గు మధ్యలో ఉంది. పెద్దవాళ్లకు రోజుకు ఒకటి నుంచి మూడు చెంచాల పొడి గురించి టెన్షన్ పడక్కర్లేదు. ఒక్కసారే అరకప్పు పచ్చి పొడి నీళ్లలో కలిపి తాగేయడం మాత్రం మంచి ఆలోచన కాదు. చిన్న పిల్లల ఒంటి బరువు తక్కువ కాబట్టి వాళ్లకు పచ్చి పొడి చెంచాలకు చెంచాలు పెట్టకూడదు. కాల్చడం, ఉడకబెట్టడం వల్ల సయనైడ్ చాలావరకు పోతుంది. అవిసె మొక్క నేలలోని కాడ్మియం అనే విషపు లోహాన్ని కూడా ఎక్కువగానే పీల్చుకుంటుంది. మోతాదు హద్దులో ఉంచుకోవడానికి అదొక అదనపు కారణం.

ఎలా తినాలి

నలగని గింజ మీద గట్టి, నున్నటి పొట్టు ఉంటుంది. నమిలినప్పుడు పంటికి దొరక్కుండా జారిపోయి, వచ్చిన దారినే పోతుంది. 2008లో విన్నిపెగ్ పరిశోధకులు గింజ, పొడి, నూనె మూడింటినీ పోల్చి చూస్తే, పొడి, నూనె తిన్నవాళ్ల రక్తంలో ఏఎల్‌ఏ బాగా పెరిగింది, నలగని గింజలు తిన్నవాళ్లలో చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. మలబద్ధకం కోసమే అయితే నలగని గింజలు నానబెట్టి తిన్నా పని జరుగుతుంది. మిగతా వాటన్నిటికీ పొడి చేయాల్సిందే. మిక్సీలోనో, కాఫీ గింజల గ్రైండర్‌లోనో ఆపి ఆపి తిప్పితే చాలు. ఆగకుండా తిప్పితే వేడికి నూనె ఊరి ముద్ద కట్టేస్తుంది.

దాచుకోవడం గురించి కాస్త ఎక్కువ భయపెడుతుంటారు. అవిసె నూనె గాలి తగిలితే ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడే రకం. తైలవర్ణ చిత్రాల రంగుల్లో, నేలకు పరిచే లినోలియంలో దాన్ని వాడింది ఈ గుణం వల్లే. తిండిగా చూస్తే అదే గుణం నష్టం, నూనె త్వరగా ముక్కిపోతుంది. కాబట్టి నూనె అయితే ముదురు రంగు సీసాలో, ఫ్రిజ్‌లో ఉండాలి, మూత తీశాక కొద్ది వారాల్లో అయిపోవాలి, పొయ్యి మీద పెట్టకూడదు. గింజలకు ఆ బాధ లేదు, పొడిగా ఉన్నచోట నెలల తరబడి పాడవకుండా ఉంటాయి. పొడి ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. గాలి దూరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకుని, వారానికో రెండు వారాలకో సరిపడా చేసుకుంటే సరిపోతుంది. చేదెక్కినా, పాత రంగు డబ్బా వాసన వచ్చినా పారేయాలి. పిండిలో కలిపి రొట్టెగానో కేక్‌గానో కాలిస్తే ఏఎల్‌ఏ నాశనమైపోతుందన్న మాటకు ఆధారం లేదు. ఓవెన్ వేడికి గింజలోని ఏఎల్‌ఏ బాగానే తట్టుకుంటుందని పరీక్షల్లో తేలింది.

గోధుమ రంగు గింజలకూ బంగారు రంగు గింజలకూ పోషకాల్లో పెద్ద తేడా లేదు. సోలిన్ అనే ఒక పసుపు రకాన్ని మాత్రం వంట నూనె కోసం ఏఎల్‌ఏ బాగా తగ్గించి తయారు చేశారు, అది ఈ పనికి రాదు.

మొదలుపెట్టేటప్పుడు రోజుకు ఒక చిన్న చెంచాతో మొదలుపెట్టి, రెండు మూడు వారాల్లో ఒకటి రెండు పెద్ద చెంచాలకు పెంచుకోవాలి. మొదటి రోజే మూడు పెద్ద చెంచాలు తింటే కడుపు ఉబ్బరం, గ్యాస్ ఖాయం. పెరుగులో, ఓట్స్‌లో, గంజిలో, సూప్‌లో, రొట్టె పిండిలో, దేనిలో కలిపినా ఒకటే. కలిపి ఎక్కువసేపు ఉంచితే జిగురెక్కి నోటికి బాగోదు, తినే ముందు కలుపుకోవడం మేలు. ఆ జిగురు గుణం బేకింగ్‌లో అక్కరకొస్తుంది. ఒక పెద్ద చెంచా పొడిని మూడు పెద్ద చెంచాల నీళ్లలో కలిపి పది నిమిషాలు ఉంచితే ఒక గుడ్డుకు బదులుగా పిండిని పట్టి ఉంచుతుంది. గుడ్డులాగా పొంగించదు, కాబట్టి తేలికపాటి కేకులకు సరిపోదు.

నీళ్లు తగినన్ని తాగకుండా అవిసె తింటే అది మలబద్ధకాన్ని తగ్గించకపోగా పెంచుతుంది. ప్రతి చెంచాకూ ఒక పెద్ద గ్లాసు నీళ్లు లెక్క పెట్టుకోవాలి. అన్నవాహికలో గానీ పేగుల్లో గానీ ఇరుకు ఉన్నవాళ్లు, గతంలో పేగు మూసుకుపోయిన వాళ్లు దీని జోలికి పోకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వంటలో పడే కొద్దిపాటి పొడితో ఆగి, పెద్ద మోతాదులు, నూనె క్యాప్సూళ్లు, లిగ్నాన్ మాత్రలు డాక్టర్‌ను అడగకుండా వాడకూడదు. రక్తం పలచబడే మందులు, షుగర్ మందులు, బీపీ మందులు వాడేవాళ్లు అవిసెను రోజువారీ అలవాటుగా మొదలుపెడితే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి, ఎందుకంటే రెండూ ఒకే దిశలో పనిచేయొచ్చు. ఏ మాత్ర అయినా సరే అవిసెతో కలిపి మింగకూడదు. జిగురులో చిక్కుకుని మందు ఒంటికి పట్టడం ఆలస్యమవుతుంది, కొంత పట్టకుండా పోవచ్చు కూడా. మాత్రకూ అవిసెకూ మధ్య గంట నుంచి రెండు గంటల ఎడం ఉండాలి. పొద్దున్నే పరగడుపున వేసుకునే మాత్రలున్నవాళ్లు అవిసెను మధ్యాహ్నానికో, సాయంత్రానికో మార్చుకుంటే ఈ లెక్కల గొడవే ఉండదు.